చవక జేబు చాకులో మంచిచెడ్డలు పోల్చుకోవడం ఎలా

నర్సంపేట ప్రాంతంలో మిర్చి, పత్తి సాగు చేస్తున్న ఒక మిత్రుడు అడిగిన ప్రశ్నకు ఇది సమాధానం. ఆన్‌లైన్‌లో 350 రూపాయలకు నల్లపిడి మడత చాకు ఒకటి ఆయనకు కనిపించింది, దాని బ్లేడు నిండా నీటి అలల వంటి డమాస్కస్ గీతలు ఉన్నాయి. జాతర దుకాణంలో 120 రూపాయలకే చెక్కపిడి చాకు దొరుకుతోంది. పేరున్న విదేశీ కంపెనీ చాకు 1,500 దాటుతోంది. బస్తాల సుతిలి, డ్రిప్ పైపు, మోటారు వైరు కోయడానికి, మధ్యలో ఒక జామకాయో మామిడికాయో తరుక్కోవడానికి వీటిలో ఏది తీసుకోవాలి, చవక వాటిలో మంచిదాన్ని ఎలా గుర్తుపట్టాలి, జేబులో పెట్టుకుని తిరిగితే చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా అని ఆయన అడిగారు. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు బోధిస్తూ ఆకురాయి, సానరాయి, ఉక్కుల మధ్యనే ఉద్యోగ జీవితం గడిపినవాణ్ణి కనుక కొంత వివరంగానే రాస్తున్నాను.

చవక చాకు అన్నాక ఏదో ఒక లోపం తప్పకుండా ఉంటుంది. అందువల్ల లోపం లేనిదాని కోసం వెతకడం కంటే, ఉన్న లోపం ఇంట్లో సానరాయితోనో స్క్రూడ్రైవరుతోనో సరిదిద్దుకోగలిగినదా, లేక చాకు ఉన్నంతకాలం వెంట ఉండేదా అని చూడడం మేలు. పదును మొద్దుగా ఉండడం, అంచు మందంగా ఉండడం, కీలు దగ్గర స్క్రూ వదులుగా ఉండడం, పిడి మూలలు అరచేతికి గుచ్చుకోవడం వంటివన్నీ ఒక సాయంత్రం ఓపికగా కూర్చుంటే తొలగిపోతాయి. ఉక్కును సరిగా గట్టిపరచకపోవడం, తెరిచిన బ్లేడును లాకు పట్టి నిలపలేకపోవడం మాత్రం మన చేతిలో లేనివి. వంద రూపాయల చాకులో మొదటి రకం లోపాలు నాలుగున్నా కొనవచ్చునంటాను. పదిహేను వందల చాకులో రెండో రకం లోపం ఒక్కటున్నా వద్దంటాను.

ముందుగా ఉక్కు సంగతి. బ్లేడు మీద చెక్కిన అక్షరాలను చూసి విలువ కట్టకండి. స్టెయిన్‌లెస్ అన్న మాట తుప్పు గురించి చెబుతుందే గాని పదును ఎంతకాలం నిలుస్తుందో చెప్పదు. ఉక్కు గట్టిపడే గుణం ముఖ్యంగా కార్బన్ వల్ల, తుప్పును తట్టుకునే గుణం క్రోమియం వల్ల వస్తాయి. చవక చాకుల్లో ఎక్కువగా వాడే 420 రకంలోనూ, దానికి చైనాలో సమానమైన 3సీఆర్13 లోనూ కార్బన్ సుమారు 0.3 శాతం, క్రోమియం సుమారు 13 శాతం ఉంటాయి. అది తొందరగా తుప్పు పట్టదు, పదును తొందరగా పోతుంది, రాయి మీద తేలికగా మళ్ళీ వస్తుంది. 8సీఆర్13ఎంఓవీ అని రాసి ఉంటే కార్బన్ సుమారు 0.8 శాతం; ఆ రాత నిజమైతే ఈ ధరలో మంచి ఉక్కే. ఏ, బీ, సీ అక్షరాలలో ఏదీ లేకుండా 440 అని మాత్రమే ఉంటే అందులో తక్కువ కార్బన్ ఉన్న ఏ రకమనే అనుకోవాలి. సీ రకంలో కార్బన్ 0.95 నుంచి 1.2 శాతం దాకా ఉంటుంది. దాన్ని నిజంగా వాడినవారు ఆ ఒక్క అక్షరాన్ని రాయకుండా వదలరు. సర్జికల్ స్టీల్ అన్నది ఏ ఒక్క రకం ఉక్కుకూ పేరు కాదు కనుక దాన్ని పట్టించుకోనవసరం లేదు.

డమాస్కస్ గీతల గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అది మన ప్రాంతపు గౌరవానికి సంబంధించినది. డమాస్కస్ కత్తులని ప్రపంచం పిలిచిన వాటికి వాడిన ముడి ఉక్కులో కొంత మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో, చుట్టుపక్కల పల్లెల్లో మట్టి మూసల్లో తయారయ్యేది. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవారని 19వ శతాబ్దపు ఆంగ్లేయుల రాతల్లో ఉంది. ఆ గీతలు ఉక్కు చల్లారే తీరులోనూ, దాన్ని సాగగొట్టే తీరులోనూ లోపలినుంచే ఏర్పడేవి. ఇప్పుడు ఆ పేరుతో నిజాయితీగా అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కులను పొరలు పొరలుగా అతికి చేసినవి, వాటికి శ్రమ, ఖర్చు ఎక్కువ. 350 రూపాయల చాకు మీద ఉన్నవి సాదా బ్లేడు పైన లేజర్‌తో వేసిన గీతలే. పరీక్షించాలంటే బ్లేడు వీపును వెలుతురులో చూడండి: పొరలు నిజమైనవైతే గీతలు వీపు మీదుగా అవతలి పక్కకు సాగుతాయి, వేసిన గీతలైతే రెండు పక్కల మీదనే ఆగిపోతాయి. గీతలు వేసినంత మాత్రాన చాకు చెడ్డదైపోదు. కానీ ఆ గీతల కోసం ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

ఉక్కు రకం కంటే దాన్ని కాల్చి చల్లార్చిన తీరు ముఖ్యమైనది. 420 రకం ఉక్కును సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి, వెంటనే చల్లార్చి, ఆ తరువాత పెళుసుతనం పోవడానికి తక్కువ వేడిలో మళ్ళీ కొంతసేపు ఉంచాలి. మొదట కాల్చేటప్పుడు వేడి చాలకపోయినా, సమయం తగ్గినా బ్లేడు మెత్తగా మిగులుతుంది, పైకి మాత్రం అదే మెరుపుతో ఉంటుంది. స్విట్జర్లాండు విక్టోరినాక్స్ జేబు చాకుల బ్లేడు ఉక్కు గట్టిదనాన్ని చెప్పే రాక్‌వెల్ సీ కొలతలో 56 దగ్గర ఉంటుంది. ఆ కంపెనీ ఉక్కు కూడా అరుదైనదేమీ కాదు, ప్రతి చాకునూ ఒకే తీరుగా గట్టిపరచడమే దాని గొప్ప. చవక చాకు 54 దాకా వచ్చినా మీ పనులకు సరిపోతుంది. 50కి దిగువ ఉంటే గోనె బస్తాలు నాలుగు విప్పేసరికి అంచు వాలిపోతుంది.

గట్టిదనాన్ని కొలిచే యంత్రం మన దగ్గర ఉండదు గాని మూడు పరీక్షలు చేతిలో ఉన్నాయి. మొదటిది అయస్కాంతం, దీన్ని దుకాణంలోనే చేయవచ్చు. స్టీలు సామాన్ల దుకాణాల్లో అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలని అంటారు. చాకు దగ్గర లెక్క తిరగబడుతుంది. కాల్చి చల్లారిస్తే గట్టిపడే స్టెయిన్‌లెస్ ఉక్కుకు అయస్కాంతం అంటుకుంటుంది. గిన్నెలకు వాడే 304 వంటి రకాలకు అంటుకోదు, అవి అలా గట్టిపడవు కూడా. కనుక అయస్కాంతం అంటని బ్లేడును అక్కడే పెట్టేయండి. అంటినంత మాత్రాన అది మంచిదని అర్థం కాదు, గట్టిపడగల ఉక్కు అని మాత్రమే తెలుస్తుంది.

రెండోది ఆకురాయి పరీక్ష, కొన్న తరువాత చేయాల్సినది. సన్నపళ్ళ కొత్త ఆకురాయి తీసుకుని ముందు ఒక మామూలు మేకు మీద మెల్లగా నెట్టండి, పళ్ళు ఎలా కరుచుకుంటాయో చేతికి తెలుస్తుంది. తరువాత అదే ఒత్తిడితో, పిడికి దగ్గరగా పదును లేని చోట బ్లేడు మీద నెట్టండి. మంచి బ్లేడు మీద ఆకురాయి సన్నని చప్పుడుతో చాలావరకు జారిపోతుంది, కరిచినా అయిష్టంగానే కరుస్తుంది. మేకును కరిచినట్లే కరిచి పొడి రాల్చిందంటే ఆ ఉక్కు మెత్తనిది. మూడోది ఇత్తడి కడ్డీ పరీక్ష. ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీని అడ్డంగా బిగించి, సానపట్టిన కోణంలోనే పదును అంచును దాని మీద ఆనించి, దీపపు వెలుగు అంచు మీద పడేలా చూసుకుంటూ కొద్దిగా నొక్కి లాగండి. కడ్డీ తగిలిన చోట అంచు సన్నగా ఉబ్బినట్లు కనిపించి, కడ్డీ దాటగానే మళ్ళీ చక్కబడాలి. వంగి అలాగే ఉండిపోతే ఉక్కు మెత్తనిది, చిన్న పెచ్చులుగా రాలితే పెళుసుది. ఇంతకంటే నమ్మదగిన ఇంటి పరీక్ష నాకు తెలియదు.

ఇక బ్లేడు ఆకారానికి వస్తాను. ఉపయోగం విషయంలో అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది ఇదే, కొనేవారు తక్కువగా చూసేదీ ఇదే. మిలిటరీ చాకులా కనిపించాలని చవక చాకుల వీపును నాలుగు మిల్లీమీటర్ల మందంతో చేస్తారు. పైగా పదును అంచుకు కాస్త పైన కూడా బ్లేడు ఒక మిల్లీమీటరుకు తగ్గకుండా ఉంటుంది. అటువంటి చాకుతో పచ్చి మామిడికాయ కోస్తే ముక్క తెగే బదులు పగులుతుంది. 16 మిల్లీమీటర్ల డ్రిప్ పైపును కోయబోతే మొదట దిగదు, బలంగా నెట్టాక ఒక్కసారిగా తెగి అవతలి చేతి మీదకు వస్తుంది. పొలంలో చాకుతో అయ్యే గాయాలు పదును ఎక్కువై అయ్యేవాటికంటే, దిగని చాకును బలంగా నెట్టడం వల్ల అయ్యేవే ఎక్కువ. మీ పనులకు వీపు మందం 2 నుంచి 2.5 మిల్లీమీటర్లు చాలు, పదునుకు కాస్త పైన అర మిల్లీమీటరు ఉండాలి. బ్లేడును మొన వైపునుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే వీపు నుంచి అంచు దాకా రెండు పక్కలూ ఎలా సన్నబడుతున్నాయో తెలుస్తుంది. ఒక పక్క ఎక్కువగా, ఒక పక్క తక్కువగా అరిగి ఉన్నదాన్ని తీసుకోవద్దు. అంత వంకర సరిచేయడానికి చాలా ఉక్కు అరగదీయాలి.

అంచు మందాన్ని మాత్రం మీరే తగ్గించుకోవచ్చు. హార్డ్‌వేర్ దుకాణాల్లో ఒక పక్క గరుకు, ఒక పక్క నునుపు ఉండే కార్బోరండం రాయి చవకగానే దొరుకుతుంది. గరుకు పక్కన నీళ్ళు చల్లి, బ్లేడును దాదాపు రాయికి ఆనించినట్లే పట్టి, పదునుకు పైన మందంగా ఉన్న భాగాన్ని రెండు పక్కలా సమంగా అరగదీయండి. తరువాత అసలు పదును. ఫ్యాక్టరీలో 25, 30 డిగ్రీల కోణంలో ఇచ్చిన పదునును ఒక్కో పక్కకు 17, 18 డిగ్రీలకు దించాలి. బ్లేడు వెడల్పు 20 మిల్లీమీటర్లు ఉంటే, వీపును రాయికి 6 మిల్లీమీటర్ల ఎత్తున పట్టుకుంటే ఆ కోణం వస్తుంది. ఒక పక్క రుద్దుతుంటే అవతలి పక్కన వేలికి తగిలే సన్నని గరుకు అంచు పొడవునా లేవాలి. అది లేవకముందే పక్క మార్చడం వల్లనే చాలామందికి పదును రాదు. చివర నునుపు పక్కన తేలికగా రుద్ది, ఆ గరుకును తీసేయండి. అంచును దీపానికి ఎదురుగా పట్టినప్పుడు ఎక్కడైనా తెల్లటి గీత మెరిస్తే అక్కడ ఇంకా మొద్దు ఉన్నట్లే. ఆ తరువాత ఎండు వెదురు పుల్లను కాసేపు చెక్కి మళ్ళీ వెలుగులో చూడండి. మెరుపు గీతలు కొత్తగా వచ్చాయంటే ఉక్కు మెత్తదనం బయటపడినట్లే.

సగం బ్లేడుకు రంపపు పళ్ళున్న చాకుల గురించి కూడా చాలామంది అడుగుతారు. వరి కోసే కొడవలికి కక్కు ఎందుకు కొట్టిస్తామో మీకు తెలుసు, గడ్డి గుప్పెడు జారకుండా పట్టి తెగడానికి. చాకుకు పళ్ళుంటే తాడు బాగానే తెగుతుంది గాని, వాటిని బల్లపరుపు రాయి మీద మళ్ళీ పదును పెట్టలేరు. పళ్ళు లేని అంచును గరుకు రాయి మీదనే ఆపేసినా, అంటే నునుపు పక్కకు తీసుకుపోకపోయినా, సుతిలి తాడు అంతే హాయిగా తెగుతుంది. ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలే రోజుల్లో ఇలాంటి గరుకు పదునే మీకు పనికివస్తుంది. మామిడి అంటుకట్టే పనికి మాత్రం ఈ చాకు వద్దు, దానికి ఒక పక్కనే పదునుండే సన్నని అంటు చాకు వేరుగా ఉండాలి.

లాకు విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఐదు వందల లోపు చాకుల్లో పిడి లోపలి రేకు పక్కకు జరిగి బ్లేడు అడుగుకు అడ్డుపడే లాకు ఎక్కువగా వస్తుంది. ఆ రేకు ఒక మిల్లీమీటరు మందం కూడా లేనప్పుడు నేను దాన్ని నమ్మను. చాకును పూర్తిగా తెరిచి పిడి అడుగువైపు నుంచి చూడండి. రేకు కొస, బ్లేడు అడుగు మందంలో పావు వంతు నుంచి సగం దాకా కప్పి నిలబడాలి. అంచు మూల మీద మాత్రమే ఆని ఉంటే జారుతుంది. కొత్తలోనే అవతలి గోడ దాకా పోయి ఉంటే, అరిగినప్పుడు ఇంకా జరగడానికి చోటుండదు. తరువాత వేళ్ళు బ్లేడు మడిచే దారిలో లేకుండా పిడిని పక్కలనుంచి పట్టుకుని, వీపును చెక్కబల్ల మీద మెల్లగా తట్టండి. ఒక్కసారి మడుచుకున్నా అది కొనదగినది కాదు. తెరిచిన బ్లేడు పక్కలకు కొద్దిగా ఊగితే కీలు స్క్రూను పావు చుట్టు బిగిస్తే పోతుంది. లాకు పడ్డాక కూడా పైకీ కిందికీ ఊగుతుంటే అది సరిదిద్దలేని లోపం.

తక్కువ ధరలో లాకు లేని, వీపు వెంట స్ప్రింగు పట్టీ ఉండే పాతకాలపు మడత చాకు మేలని నా అభిప్రాయం, ఎందుకంటే అందులో మోసపోవడానికి లాకే ఉండదు, వాడేవారూ జాగ్రత్తగా వాడతారు. తెరిచేటప్పుడు, మూసేటప్పుడు టక్కుమని బిగువుగా పడాలి. తెరిచాక స్ప్రింగు పట్టీ, బ్లేడు వీపు ఒకే మట్టంలో ఉండాలి. దానితో పొడవడం, గుచ్చి రంధ్రం చేయడం మాత్రం చేయవద్దు, మడుచుకుంటే వేళ్ళ మీదకే వస్తుంది. ఫ్రాన్సులో 1890లో జోసెఫ్ ఒపినెల్ మొదలుపెట్టిన చెక్కపిడి చాకుకు 1955 నుంచి కీలు దగ్గర తిప్పే ఇనుప ఉంగరం పెడుతున్నారు. ఉంగరం తిప్పితే బ్లేడు కదలదు. ఇంత తక్కువ భాగాలతో ఇంత గట్టిగా నిలిచే ఏర్పాటు మరొకటి నేను చూడలేదు. బ్లేడు కూడా సన్నగానే ఉంటుంది.

పిడికి ప్లాస్టిక్ అయినా, అల్యూమినియం అయినా, చెక్క అయినా తేడా తక్కువ. చెమట చేతికి జారకుండా, నాలుగు వేళ్ళూ పట్టేలా ఉంటే చాలు. ఒకే పిడిలో పదిహేను పనిముట్లు ఇరికించిన చవక చాకులను మాత్రం కొనవద్దనే చెబుతాను. వాటిలో స్క్రూడ్రైవరు మెలితిరుగుతుంది, కత్తెర నమలుతుంది, చాకు కూడా నాసిగానే మిగులుతుంది.

మీరు ఎరువు బస్తాలు కూడా దానితోనే విప్పుతారు కనుక ఒక జాగ్రత్త అవసరం. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో క్లోరైడ్ ఉంటుంది, అది తడితో కలిసి స్టెయిన్‌లెస్ బ్లేడును కూడా చిన్న చిన్న గుంటలుగా తినేస్తుంది. బస్తా విప్పాక బ్లేడును కడిగి తుడిచి ఆరబెట్టండి. పురుగుమందు సంచి కోసిన చాకుతో పండ్లు కోయవద్దు, అందుకు వేరే చాకు ఉంచుకోండి. కీలులో కుట్టుమిషను నూనె ఒక చుక్క చాలు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకట్టి కీలును పట్టేస్తుంది. తిరిగే పొడి చక్రం మీద సాన పట్టించేవారికి చాకు ఇచ్చేటప్పుడు దగ్గర నిలబడండి. నిప్పురవ్వలు లేచేలా నొక్కితే సన్నని అంచు వేడెక్కి నీలి రంగు తేలుతుంది, ఆ రంగు కనిపించిన మేర ఉక్కు మెత్తబడిందని అర్థం.

మీ మూడు చాకులలో జాతర చాకును పై పరీక్షలకు నిలిస్తే సంతోషంగా తీసుకోండి. మేడారం వంటి జాతరలలో ఒకే గంపలోని చాకుల మధ్య కూడా తేడా ఉంటుంది కనుక నాలుగైదు తెరిచి, మూసి, అయస్కాంతం పెట్టి ఏరుకోవాలి. 350 రూపాయలది తెప్పించుకుంటే తిప్పి పంపే గడువులోపల లాకును చూడండి. ఆకురాయి పరీక్ష చేస్తే గీత పడుతుంది, అప్పుడు తిరిగి తీసుకోరు. 1,500 పెట్టగలిగితే ఆ డబ్బుకు దొరికేది పదేళ్ళు ఒకే తీరుగా ఉండే ఉక్కు, కానీ పొలంలో పారేసుకునే అలవాటుంటే అంత పెట్టవద్దు. నాలుగో దారి కూడా ఉంది: మీ ఊళ్ళో కొలిమి ఇంకా నడుస్తుంటే, లారీ కమాను పట్టీ ముక్కతో మడత లేని చిన్న చాకు చేయించి తోలు ఒర కుట్టించుకోండి. అది నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది, కానీ మంచి కమ్మరి చేతిలో ఆ ఉక్కు నిలిపే పదును చవక మడత చాకుల్లో నేను చూడలేదు.

చట్టం సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నిబంధనలు 9 అంగుళాలకు మించిన పొడవు, లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు బ్లేడు ఉన్న కత్తులను ఆయుధాల పట్టికలో చేర్చి, ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవాటిని మినహాయించాయి. మూడు అంగుళాల మడత చాకు ఆ కొలతలకు చాలా లోపల ఉంటుంది. అయినా బటను నొక్కితే ఎగిరి తెరుచుకునే రకాన్ని కొనకండి, దానితో పొలం పనికి కలిసివచ్చేదీ లేదు, తనిఖీలో సమాధానం చెప్పుకోవలసి వస్తుంది. కోర్టుకు, పరీక్షా కేంద్రానికి, ఎన్నికల సమయంలో సభలకు వెళ్ళేటప్పుడు ఇంట్లోనే ఉంచండి. విమానంలో చేతిసంచిలో చాకును అనుమతించరు, చెక్-ఇన్ చేసే పెట్టెలో వేసుకోవాలి.